ఎండ తగలని బట్టలు

మా వాళ్ళు ఒక కథ చెప్తారు. మా రత్నత్త చదువు ఒంటబట్టక, తల్లి మీద బెంగతో బెజవాడ హాస్టల్ వదిలేసి వచ్చేసిందట. వచ్చేటప్పుడు ఒంటినిండా తామర తెచ్చుకుందట. మా నాయనమ్మ తన చేత్తో నూనె కాచి రాస్తే మచ్చ కూడా మిగలకుండా పోయిందట. ఇందులో మొదటి ముక్క అబద్ధం, చివరి ముక్క అబద్ధం, మధ్య ముక్క సగం అబద్ధం. తామర ఉన్న మాట నిజమే. కానీ అత్త దాన్ని హాస్టల్ నుంచి తేలేదు, మా ఇంటి నుంచే పట్టుకెళ్ళింది. చదువు ఒంటబట్టకపోవడం సంగతంటారా, మా వంశంలో లెక్కల పుస్తకాన్ని వారపత్రికలా పడుకుని చదివిన మనిషి ఆవిడొక్కతే. ఆమె చదువు పోయింది ఒక దండెం వల్ల. ఆ మాట ఒక్కరూ చెప్పరు.

ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఈ కథ వినపడితే పళ్ళు కొరుక్కుని ఊరుకునేదాన్ని. మొన్న ఆషాఢంలో ఊరుకోలేకపోయాను. మా బాబాయి కోడలు శిరీష ఉయ్యూరులో ఇంటి దగ్గర సబ్బులూ నూనెలూ చేసి అమ్ముతోంది. మంచిదే, ఆడపిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడుతోందని నేనే నలుగురికి చెప్పాను. అయితే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకరోజు పొద్దున్నే ఒక వీడియో దిగింది. ఆకుపచ్చ సీసా, దాని మీద మా నాయనమ్మ ఫొటో, కింద ‘నాయనమ్మ తామర నూనె’ అని అక్షరాలు. సీసా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో డెబ్బై ఏళ్ళ మా రత్నత్త, కొత్త చీర కట్టుకుని. “మా అమ్మ చేతి నూనెతోనే నాకు తగ్గిందండీ,” అంటోంది. అంటూ ఫోన్ వైపు చూడటం లేదు, పక్కకి చూస్తోంది. అరగంటలో గ్రూపునిండా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. “ఇది అబద్ధం, ఆ నూనెతో ఆవిడ తొడలు కాలాయి” అని నేను రాశాను. వెంటనే శిరీష మొగుడు ఫోన్ చేశాడు. “అక్కా, పోయినావిడ మీద ఇప్పుడెందుకక్కా,” అన్నాడు. పోయినావిడ ఫొటో సీసాల మీద అతికించినప్పుడు ఈ మర్యాద గుర్తుకు రాలేదు వాడికి.

మా ఇల్లు ఉయ్యూరికి కాస్త ఇవతల, కాలవ గట్టు దిగగానే ఉండేది. చెరుకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ మడ్డి వాసన, మిగిలిన రోజుల్లో తడి వాసన. డెల్టాలో పుట్టినవాళ్ళకి తడి గురించి చెప్పక్కర్లేదు. నేల తడి, గోడ తడి, వర్షాకాలంలో బీరువాలో చీర కూడా తడి. ఆ తడిలో ఎండ ఒక్కటే మందు, ఆ ఎండకి మా ఇంట్లో హద్దులు ఉండేవి. వీధి వాకిట్లో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి లాగిన తీగ మగవాళ్ళది. తాతయ్య పంచలు, నాన్న చొక్కాలు, బాబాయి తువ్వాళ్ళు అక్కడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జెండాల్లా ఎగిరేవి. డాబా మీద మిరపకాయలూ, వడియాలూ, మళ్ళీ పంచలే. ఆడవాళ్ళ చీరలకి పెరట్లో ఒక దండెం, దానికి మధ్యాహ్నం దాకా ఇంటి నీడ. లంగాలకి అదీ లేదు. వాటికి గొడ్ల సావిడి చూరు కింద ఒక తాడు. తాడు మీద లంగా, లంగా కనపడకుండా దాని మీద ఒక పాత చీర. నెలసరి గుడ్డలైతే ఆ రెంటికీ కింద, మూడో వరసలో. ఎవరైనా దొడ్డిదారిన వచ్చినా అక్కడ ఆరుతున్నది పాత చీరే అనుకోవాలి. నాయనమ్మ దాన్ని పద్ధతి అనేది.

ఆ పద్ధతిలో ఏదీ ఆరేది కాదు. ఆరినట్టు ఉండేది, అంతే. వేళ్ళతో పట్టుకుంటే చల్లగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన. తెల్లవారుజామునే తలుపు మూసుకుని గబగబా నీళ్ళు పోసుకోవాలి, ఒళ్ళు సరిగా తుడుచుకునే వ్యవధి కూడా ఉండదు, ఎందుకంటే బయట ఇంకో ముగ్గురు నిలబడి ఉంటారు. తుడుచుకునే తువ్వాలు ఆడవాళ్ళందరికీ ఒక్కటే. ఆ తడి నడుం మీద ఆ పచ్చి లంగా బొందు బిగించి కట్టుకుని, రాత్రి దాకా పొయ్యి దగ్గర కూచోవాలి. మా అమ్మ పిండి రుబ్బుతూ రుబ్బుతూ లేచి, వీపు గుమ్మానికి ఆనించి నడుం అటూ ఇటూ రాసుకుని మళ్ళీ కూచునేది. పెద్దమ్మ చేటతో చెరుగుతూ చేట అంచుతో గోక్కునేది. ఆడవాళ్ళంతా అలాగే ఉంటారు కాబోలు, పెద్దయితే నడుం దురద పెడుతుంది కాబోలు అని నేను అనుకునేదాన్ని. దానికి మా ఇంట్లో పేరు లేదు. పేరు లేని జబ్బుకి మందు ఎవరడుగుతారు?

మగవాళ్ళకి వస్తే మాత్రం పేరు ఉండేది. ఊడ్పుల కాలంలో బాబాయికి గజ్జల్లో తామర వచ్చింది. అరుగు మీద కూచుని నలుగురి ముందూ చెప్పాడు. “అమ్మా, నడవలేకపోతున్నానే, ఒరుసుకుపోయింది.” మా నాయనమ్మ ఆ రోజు ఎలా పనిచేసిందో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. పెరట్లో రాళ్ళు పెట్టి పెద్ద కాగులో నీళ్ళు మరిగించింది. వాడి పంచలు, గోచీలు, తువ్వాలు అన్నీ సోడా వేసి ఉడకబెట్టింది. కర్రతో పైకి తీసి, తనే ఆ బరువు మోసుకుంటూ డాబా ఎక్కి, మిట్టమధ్యాహ్నం కాలే గచ్చు మీద పరిచింది. గంటకోసారి పైకెళ్ళి తిరగేసేది. “రెండువైపులా మాడాలి, అప్పుడుగానీ పురుగు చావదు,” అనేది. వాడి తువ్వాలు ఇంకెవరూ ముట్టుకోకూడదు. పొలం నుంచి రాగానే తడి పంచ విప్పేసి, కాళ్ళ సందులు కూడా పొడి గుడ్డతో అద్దుకుని, పొడి పంచ కట్టుకోవాలి. సీమ అవిసె ఆకు నూరి రాసిన మాటా నిజమే. ఆ ఆకులో గుణం లేదని నేను అనను. కానీ మూడు వారాల్లో బాబాయి మామూలుగా నడిచాడంటే ముప్పాతిక వంతు ఆ గచ్చు మీద ఎండ చలవే. ఈ మాట నేను కాలేజీలో చదివి చెప్పడం లేదు, నాయనమ్మ చేతిపని చూసి చెప్తున్నాను.

అదే ఏడు రత్నత్తకు బెజవాడలో టీచర్ ట్రైనింగ్ సీటొచ్చింది. నేనప్పుడు నాలుగో తరగతి. పటమటలో ఆడపిల్లల హాస్టల్, గదికి ఆరుగురు. రెండు లంగాలు, రెండు ఓణీలు, ఒక రేకు పెట్టె. ఆ పెట్టె మూత తీస్తే మా సావిడి చూరు వాసనే. హాస్టల్లోనూ పద్ధతి అదే, చూరు బదులు కిటికీ ఊచలు, పాత చీర బదులు తువ్వాళ్ళు. దసరా సెలవులకి ముందే వార్డెన్ ఉత్తరం ఇచ్చి పంపేసింది, పక్క మంచాల పిల్లలు ఈ అమ్మాయి రాత్రంతా గోక్కుంటోంది, మాకూ అంటుకుంటుందంటున్నారు, నయం చేయించుకుని రమ్మని. అత్త బస్సు దిగి నడిచొస్తుంటే కాళ్ళు ఎడంగా వేస్తోంది. నాయనమ్మ ఉత్తరం చదివించుకుని మొట్టమొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఊళ్ళో వాళ్ళకి కామెర్లని చెప్పమంది. మా ఇంటికి వచ్చినవాళ్ళంతా అత్త కళ్ళు చూసి, “పచ్చదనం తగ్గిందమ్మా,” అని వెళ్ళేవాళ్ళు. అత్త నాతో చాటుగా, “నా కళ్ళు నిజంగానే పచ్చగా ఉన్నాయేమే, ఇంతమంది చెప్తున్నారు,” అని నవ్వేది.

నవ్వు ఎన్నాళ్ళో లేదు. కొడుక్కి ఎండ వైద్యం చేసిన మనిషి కూతురికి గది వైద్యం చేసింది. తలుపు వేసి, చీకట్లో, కానుగ నూనెలో గంధకం, దాంతో చాలదని మైలుతుత్తం కూడా కాల్చి నూరి కలిపి రాసింది. నీలంగా మెరిసే ఆ రాయి గొడ్ల పుళ్ళకి వేసేది. గోకి గోకి పచ్చిగా ఉన్న చర్మం మీద అది పడితే ఏమవుతుంది? అత్త నోట్లో పైట కుక్కుకుని ఏడ్చింది. నన్ను విసనకర్ర ఇచ్చి పక్కన కూచోబెట్టారు. నేను విసురుతుంటే, “ఆ బొందు కట్టేచోట కూడా విసరవే, మండిపోతోంది,” అనేది. మర్నాటికి తొడల మీద బొబ్బలు లేచాయి. నాయనమ్మ వాటిని చూసి, “పురుగు బయటికొస్తోంది, మంచిదే,” అంది. మళ్ళీ అదే లంగా, సావిడి చూరు కింద నుంచి తీసిందే కట్టుకోమంది.

చివరికి అమ్మే ధైర్యం చేసి కరుణమ్మగారికి కబురు పెట్టింది. ఆవిడ ఉయ్యూరు ఆసుపత్రిలో నర్సు, మా ఊరి చర్చి పక్క వీధిలో ఉండేది. నాయనమ్మ ఆవిణ్ణి అరుగు దాటి రానిచ్చేది కాదు, అందుకని అత్తనే అరుగు పక్క గదిలోకి తీసుకొచ్చి కిటికీలోంచి చూపించారు. కరుణమ్మగారు చూసింది, బొబ్బలు చూసి పెదవి కొరుక్కుంది. తర్వాత వాకిట్లోకి తిరిగి, తీగ మీద ఎగురుతున్న పంచల్ని చూస్తూ అడిగింది.

“అమ్మగారూ, మగవాళ్ళ బట్టలు ఇక్కడ ఆరేస్తున్నారు. ఆడపిల్లలవి ఎక్కడ ఆరేస్తున్నారండీ?”

“ఎక్కడో ఆరేస్తాం. అవన్నీ నీకెందుకు కరుణమ్మా, మందుంటే ఇయ్యి.”

“మందిస్తానండీ. మందు తర్వాత సంగతి. పచ్చి లంగా కట్టుకున్నంత కాలం ఏ మందూ పనిచెయ్యదు. వీటి పక్కనే వేయించండి.”

“నలుగురూ నడిచే వాకిట్లో ఆడవాళ్ళ లంగాలు ఆరేస్తే ఇంటి మర్యాద ఏమవుతుంది?”

“మర్యాదని ఎండబెట్టమనట్లేదండీ, లంగాల్ని ఎండబెట్టమంటున్నా.”

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. నాయనమ్మ మొహం కందగడ్డ అయింది. కరుణమ్మగారు మాత్రం తొణక్కుండా ఒక తెల్ల లేపనం డబ్బా కిటికీ మీద పెట్టి అత్తతో చెప్పింది. ఆ నూనె ఇంక ముట్టుకోవద్దు, బొబ్బలు మానేదాకా ఇది కూడా రాయొద్దు. మానాక స్నానం చేసి పూర్తిగా ఆరనిచ్చి, మచ్చ మీదే కాదు, మచ్చ చుట్టూ కూడా పల్చగా రాయి. తువ్వాలు నీది నీకే. లంగా ఉడకబెట్టి, ఎండలో వేసి, దొరికితే ఇస్త్రీ పెట్టె తిప్పు. బొందు రోజూ ఒకేచోట బిగించకు. “దురద పోయిందని మానేశావంటే మళ్ళీ నా దగ్గరికే వస్తావు. చర్మం మామూలయ్యాక కూడా రెండు వారాలు రాయాలి, విన్నావా?”

విన్నది అత్త, విన్నది నేను. నాయనమ్మ మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీసే గంటన్నర మాది. కార్తీకం ఎండ బాగా కాసేది. అత్త లంగాలు బకెట్లో అడుగున పెట్టి, పైన వడియాల గుడ్డ కప్పి డాబా ఎక్కించేవాళ్ళం. బాబాయి పంచలు పరిచిన గచ్చు మీదే పరిచేవాళ్ళం. నేను మెట్ల మీద కాపలా. నాయనమ్మ దగ్గితే నేను దగ్గాలి, అప్పుడు అత్త అన్నీ చుట్టేసేది. అత్త అంత దొంగతనంగా ఎండబెడుతున్నది తన సొంత లంగానేనని ఆ వయసులో నాకు తోచలేదు. ఒకరోజు అత్త వెచ్చటి లంగాని మొహానికి ఆనించుకుని, “భారతీ, ఎండ వాసన ఇట్లా ఉంటుందే,” అంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల అది అనడం.

సంక్రాంతి ముందు నెలకి చర్మం మామూలయింది. నాయనమ్మ చూసి, “నా నూనె ఊరికే పోతుందా,” అంది. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గిల్లింది. ఈలోగా హాజరు చాలదని ట్రైనింగ్‌లో అత్త పేరు కొట్టేశారు. మళ్ళీ ఏడు చేరొచ్చని వాళ్ళే రాశారు. “ఆ హాస్టల్ నీళ్ళు దానికి పడవు,” అని నాయనమ్మ తేల్చేసింది. తప్పు నీళ్ళ మీదకి పోయింది. తర్వాత పెళ్ళి చేసి హనుమాన్ జంక్షన్ పంపారు. అక్కడ మామయ్య టైర్ల కొట్టు వెనక వాటాలో, లారీల హారన్ల మధ్య, ముప్పై ఏళ్ళు వీధి పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పింది. బోర్డు లేదు, సర్టిఫికెట్ లేదు. ‘చదువు ఒంటబట్టని’ మా రత్నత్త.

అప్పటి మాట సరే, ఇప్పుడు మారిందా అంటారు. నేను పటమటలోనే ఉంటున్నాను, ఐదో అంతస్తు. రోడ్డు వైపు బాల్కనీల్లో లోదుస్తులు ఆరేయరాదని మా అసోసియేషన్ నోటీసు పెట్టింది. మరి లుంగీలు, బనీన్లు ఆరేస్తున్నారే అని మీటింగులో లేచి అడిగాను. “అవి వేరు మేడమ్,” అన్నాడు ప్రెసిడెంటు. ఎలా వేరో చెప్పమంటే టీ ఇప్పించాడు. అతన్ని అని ఏం లాభం, ఇంత మాట్లాడే నేను ఇరవై ఏళ్ళు నా బట్టలు బాత్రూంలో కడ్డీ మీద, తువ్వాలు కిందే ఆరేశాను. ఎవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే అటు వెళ్ళేది.

వీడియో వచ్చిన వారానికి శిరీషతో తేల్చుకుందామని ఉయ్యూరు వెళ్ళాను. సావిడి పోయింది, ఆ చోట మూడు బాత్రూములున్న కొత్త ఇల్లు. కాళ్ళు కడుక్కోబోతే బాత్రూం తలుపు వెనక కొక్కేనికి, నైటీ కింద, తడి తడిగా ఆ పిల్ల బట్టలు. అలమరలో మెడికల్ షాపులో దొరికే ట్యూబు, సగం పిండి ఉంది. బయటికొచ్చి ట్యూబు చూపించాను.

“ఇదెవరిది?”

“నాదే వదినా. ఇక్కడ, నడుం దగ్గర... రాస్తే రెండు రోజుల్లో పోతుంది. మానేస్తే వస్తుంది. ఈసారి కొంచెం వెడల్పుగా వచ్చింది.”

“మరి నీ నూనె?”

“అది నాకు పడలేదు వదినా. అది అమ్మడానికి.”

పోట్లాడదామని వెళ్ళినదాన్ని, నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మర్నాడే బెజవాడ లాక్కొచ్చి చర్మం డాక్టరమ్మకి చూపించాను. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉంటుందట, ఎరుపూ దురదా అణిగిపోతాయి, కింద తామర మాత్రం హాయిగా పాకుతుందట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే, “మా ఆయనకి ఉందండీ, చెప్పుకోరు,” అంది నెమ్మదిగా. ఇద్దరికీ మందు రాసిచ్చి, ఎన్ని వారాలు చెప్తే అన్ని వారాలూ వాడాలంది. తర్వాత బట్టలు ఎక్కడ ఆరేస్తారమ్మా అని అడిగింది. శిరీష నా వైపు చూసింది. వచ్చేటప్పుడు బస్సులో, “వీడియో తీసేయమంటావా వదినా?” అంది. నన్నెందుకు అడుగుతావు, అందులో మాట్లాడినావిణ్ణి అడుగు అన్నాను. తను అడగలేనంటే హనుమాన్ జంక్షన్ నేనే వెళ్ళాను.

అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను కూచోకుండానే మొదలుపెట్టాను. ఎందుకన్నావు ఆ మాట, నీ తొడల మీద ఆ మచ్చలు చూపించి ఉండాల్సింది, నీ చదువు పోగొట్టినదానికి నువ్వే సాక్ష్యం చెప్తావా అని నోటికొచ్చినట్టు అడిగాను. అత్త అంతా విని, నాకు ఒక గుప్పెడు కాయలు ఇచ్చింది, వలవమని.

“తీసేయమను ఆ వీడియో. నాకూ చూసుకుంటే సిగ్గేసింది. శిరీష వచ్చి అడిగితే కాదనలేకపోయానే. అమ్మని పదిమందిలో ఏమనను?”

“నిజం చెప్తే ఆవిణ్ణి అన్నట్టా?”

“నీకు కోపమొక్కటే తెలుసు భారతీ. అమ్మ పోయిన రోజు ఒళ్ళు కడిగింది నేను. నువ్వు పరీక్షలని ఆలస్యంగా వచ్చావు. నడుం చుట్టూతా, బొందు కట్టేచోట, బెత్తెడు వెడల్పున నల్లటి పట్టీ. చెయ్యి పెడితే గేదె తోలులా గరుకు. తొడల దాకా. అది ఏడాదిదీ, రెండేళ్ళదీ కాదు. నాకంటే ముందు నుంచీ ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉందేమో.”

ఇద్దరం చాలాసేపు చిక్కుళ్ళు వలిచాం. నా కోపం తగ్గలేదు, తగ్గిందని రాస్తే అదీ ఇంకో అబద్ధం అవుతుంది. కానీ ఇన్నేళ్ళూ నేను నాయనమ్మకి ఆ బాధ తెలియదేమోనన్న ఒక్క సందేహం మిగుల్చుకుని తిట్టుకున్నాను. ఇప్పుడు అదీ లేదు. ఆ దురద ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికంటే ఆవిడకే తెలుసు. దానికి ఏం చెయ్యాలో కూడా ఆవిడకే తెలుసు. బాబాయి పంచలు మోసుకుని గంటకోసారి ఆ మెట్లెక్కేటప్పుడు ఆ పచ్చి బొందు ఆవిడ నడుం మీదే ఉంది. కాలే గచ్చు మీద వంగి, కొడుకు బట్టని రెండోవైపుకి తిరగేస్తున్నప్పుడు, పక్కన అంత చోటు ఖాళీగా ఉండగా, తన లంగా ఒకటి తెచ్చి పరుచుకోవాలని మా నాయనమ్మకి ఒక్కసారైనా అనిపించలేదా, లేక అనిపించీ మానేసిందా?